ఐసు కరిగేలోపు హౌరా

బండి వెనక నీళ్లు కారుతున్నంతసేపూ ఎవరికీ దిగులుండేది కాదు. ఆకివీడులోనో, ఉండిలోనో, కైకలూరులోనో చేపలెత్తుకుని హౌరా బయల్దేరిన లారీకి అదే కొలమానం. డాలా, అంటే తొట్టి వెనక తలుపు, కిందనుంచి సన్నటి ధార తెగకుండా పడుతుంటే లోపల ఐసుందని, చేప చల్లగా ఉందని లెక్క. ధార కాస్తా చుక్కలైందంటే రెండే కారణాలు. తొట్టి మూలన నీళ్లు పోయే బెజ్జానికి ఎండుగడ్డో పొలుసో అడ్డం పడి ఉండాలి, లేదంటే ఐసు అడుగంటి ఉండాలి. మొదటిదైతే క్లీనరు దిగి ఇనప చువ్వతో నాలుగు పోట్లు పొడిస్తే గడగడా పోయేది. రెండోదైతే ఇక డ్రైవర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే.

ఇద్దరు డ్రైవర్లు ఎందుకంటే ఆ ఐసు వల్లే. మావైపు వాటిని డబుల్ డ్రైవరు బళ్లు అనేవారు. కొబ్బరి బండికీ, బియ్యం బండికీ ఒక డ్రైవరు, ఒక క్లీనరు చాలు. నిద్రొస్తే చెట్టు కింద ఆపి పడుకున్నా సరుక్కి వచ్చే నష్టం లేదు. చేపల బండి అలా కాదు. భీమవరం నుంచి హౌరాకు 1,100 కిలోమీటర్ల పైచిలుకు. స్వర్ణ చతుర్భుజి పనులతో నాలుగు వరసలు పడకముందు, రెండు వరసల అయిదో నంబరు జాతీయ రహదారి మీద గంటకు సగటున 40 కిలోమీటర్లు లాగితే మంచి డ్రైవరు కిందే లెక్క. అంటే 28 గంటలు చక్రం తిరుగుతూనే ఉండాలి. సాయంత్రం ఆరింటికి కదిలిన బండి మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్లో ఉండాలంటే చేతిలో ఉన్నది మొత్తం 34 గంటలు. మిగిలిన ఆ ఆరు గంటల్లోనే తిండి, స్నానం, డీజిలు, చెక్‌పోస్టులు, పంచర్లు, రైల్వే గేట్లు, విశాఖ ఊళ్లో ట్రాఫిక్కు, అన్నీ సర్దుకోవాలి. ఒక్క మనిషికి సాధ్యమయ్యే లెక్క కాదది.

అసలు ప్రయాణం మొదలయ్యేది చెరువు గట్టు మీద. పట్టుబడికి ముందు రోజే మేత ఆపేసేవారు. కర్రలకు వేలాడే తౌడు సంచులు తీసేసేవారు. పొట్ట నిండా తౌడున్న చేప తొందరగా చెడుతుంది. కుళ్లు ముందు మొదలయ్యేది పేగుల్లోనే. వల లాగేది తెల్లవారకముందు, నీళ్లు చల్లగా ఉన్నప్పుడు. బొచ్చె, శీలావతి, మోసు వేరు చేసి, సైజులు వేరు చేసి తూకం వేసేవారు. వానాకాలంలో లారీ గట్టెక్కేది కాదు. మా నల్లరేగడి తడిస్తే పది టన్నుల బండి ఇరుసు దాకా దిగబడిపోతుంది. ట్రాక్టర్ల మీద, చిన్న వ్యాన్ల మీద రోడ్డున ఉన్న ప్యాకింగు షెడ్డుకు మోసేవారు. అలా మోసే గంటా గంటన్నరా ఐసు లేకుండా గడిచిందంటే, ఆ తర్వాత డ్రైవరు ఎంత తోలినా ఆ చేప కోలుకోదు. హౌరాలో తగ్గిన ధరకు డ్రైవర్లను తిట్టేవాళ్లు గానీ, సగం పాపం చాలాసార్లు చెరువు గట్టు మీదే జరిగిపోయేది.

ఐసు లెక్క తెలిసినవాళ్లు తక్కువ. ట్రేలో 40 కిలోల చేప వేస్తే కనీసం 20 కిలోల ఐసు పడాలన్నది వాడుక. ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆ ఇరవై ఎటు పోతుందో చూడండి. మామూలు వేడిమీద, అంటే 30 డిగ్రీల దగ్గరున్న 40 కిలోల చేపను సున్నాకు దించడానికే 12, 13 కిలోల ఐసు కరిగిపోతుంది. మిగిలేది ఏడెనిమిది కిలోలు. పైనుంచి ఎండ, పక్కనుంచి వడగాలి, కిందనుంచి రోడ్డు వేడి, వీటన్నిటితో ఒకటిన్నర రోజు పోరాడాల్సింది ఆ ఏడెనిమిది కిలోలే. అందుకే తెలిసిన మేస్త్రీలు చేపను ముందు ఐసు కలిపిన నీళ్ల తొట్టిలో ముంచి, వేడి అక్కడే తీసేసి, తర్వాత ట్రేకెత్తేవారు. పావుగంట పని. దానివల్ల హౌరా చేరేసరికి ట్రేలో ఇంకా ఐసు కనిపించేది. తొందరలో ఆ పని మానేసిన బండి భువనేశ్వర్ దాటేసరికి చుక్కల్లోకి దిగేది.

ఐసు దిమ్మలోనూ మంచీ చెడూ ఉండేవి. ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్టెలో నీళ్లు నింపిన ఇనప డబ్బాలు దించుతారు. ఉప్పునీళ్లను అమ్మోనియా యంత్రం చల్లబరుస్తుంది, డబ్బాలో నీళ్లు బయటి అంచునుంచి లోపలికి గడ్డకడతాయి. ఒక దిమ్మ గట్టిపడటానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. కరెంటు కోతల రోజుల్లో గడువు తీరకుండానే డబ్బాలు లాగేసేవారు. అప్పుడు దిమ్మ నడుమ నీళ్లు మిగిలిపోయేవి. అది బోలు దిమ్మ. పైకి నిండుగానే ఉంటుంది, పగలగొడితే దోసెడు నీళ్లు కారతాయి. బరువుకు డబ్బు కట్టేది షావుకారు, నష్టం తెలిసేది డ్రైవరుకు. అనుభవమున్న క్లీనరు దిమ్మ నెత్తిన కర్రతో కొట్టి శబ్దంతోనే పోల్చేవాడు. దిమ్మను మిషనులో మరీ పిండి చేయకూడదు, మరీ పెళ్లలుగా వదలకూడదు. పిండైతే ఇట్టే కరుగుతుంది. పెళ్లలైతే చేప ఒంటికి ఆనక మధ్యలో గాలి మిగులుతుంది, పైగా బండి కుదుపుకు పెళ్ల అంచు తగిలి చర్మం గీసుకుపోతుంది. ఉసిరికాయంత ముక్కలు సరైన సైజు.

ట్రేలో అడుగున ఐసు, మీద తలా తోకా ఎదురెదురుగా ఒక వరస చేప, మళ్లీ ఐసు, మళ్లీ చేప, పైన దట్టంగా ఐసు. ప్లాస్టిక్ ట్రేలు రాకముందు వెదురు బుట్టలుండేవి. వాటిలో నీళ్లు బాగా పోయేవి గానీ ఒకదానిమీద ఒకటి పెడితే కింది బుట్ట అణిగి చేప నలిగేది. లారీ తొట్టి అడుగున, పక్కల ఎండుగడ్డి పరిచేవారు. వేడి లోపలికి రాకుండా ఆపడానికి మా డెల్టాలో వరిగడ్డిని మించిన చవక సరుకేముంది? ట్రేల మధ్య బెత్తెడు సందు కూడా లేకుండా ముఠావాళ్లు బిగించి పేర్చేవారు. సందుంటే రెండు నష్టాలు. గాలి ఆడి ఐసు కరుగుతుంది, మలుపులో వరస కదిలి బరువు ఒక పక్కకు పోతుంది. మధ్యలో ఉన్న ట్రేలు ఎప్పుడూ క్షేమమే, దెబ్బ తినేవి పక్క వరసలూ పై వరసా. అందుకని మిగిలిన ఐసంతా ఆ పక్కలకూ పైకీ పోసి, గడ్డి కప్పి, రెండు బరకాలు వేసి, మోకుతో బిగించేవారు. మోకు కట్టడం క్లీనరు పని. కట్టాక ముడి ముడికీ కాలేసి తన్ని చూసేది మాత్రం పెద్ద డ్రైవరే. 20 కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ ఒకసారి బిగించాలి. సరుకు సర్దుకున్నాక ఏ మోకైనా వదులవుతుంది.

ఆరింటికి కాటా, వేబిల్లు, అడ్వాన్సు. భీమవరం నుంచి అత్తిలి మీదుగా తణుకు చేరి హైవే ఎక్కేవారు. అక్కడిదాకా ఉన్న ఆ కొద్ది దూరమే కొన్నిసార్లు ప్రాణం తీసేది. పక్కన కాలువ, మరో పక్క వరిచేను, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే రోడ్డు. ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే గట్టు అంచుకు దిగాలి. ఆ అంచు మెత్తనిదా గట్టిదా అన్నది పగలు చూసి గుర్తుపెట్టుకున్నవాడికే రాత్రి తెలుస్తుంది. అందుకే ఆ ముక్క ఎప్పుడూ ఆ ఊరివాడైన డ్రైవరే తోలేవాడు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి. వంతెన మీద పావలాయో అర్ధరూపాయో గోదారిలో వేయని చేపల బండి ఉండేది కాదు. అన్నవరంలో తొలి పావంచాల దగ్గర కొబ్బరికాయ, చక్రం కింద నిమ్మకాయ. తుని దగ్గర లోవ తలుపులమ్మ దారికి కాస్త లోపలగా ఉంటుంది కనుక రానూపోనూ దణ్ణం పెట్టుకోవడమే, కొత్త బండి పూజకు మాత్రం తప్పకుండా వెళ్లేవారు.

ఇద్దరిలో ఒకడు పెద్ద డ్రైవరు, రెండోవాడు చిన్న డ్రైవరు. వయసుతో పని లేదు, బండితో ఎన్నాళ్లుగా ఉన్నాడన్నదే లెక్క. క్లీనరుకు మాత్రం ఇద్దరూ గురూగారే. చీకటి పడినప్పటినుంచి పన్నెండూ ఒంటిగంట దాకా పెద్దాయన, అక్కడినుంచి తెల్లవారేదాకా చిన్నవాడు అన్నది పైకి కనిపించే పద్ధతి. తెలివైన జోడీలు దీన్ని తిరగేసేవారు. నిద్ర మనిషిని కొట్టేది రెండింటికీ అయిదింటికీ మధ్య. ఆ మూడు గంటలూ ఎక్కువ అనుభవమున్నవాడి చేతిలో ఉండాలి. కాబట్టి పెద్దాయన సాయంత్రమే వెనక బల్ల మీద నడుం వాల్చి, శ్రీకాకుళం దగ్గర లేచి కూర్చునేవాడు. లోడెత్తిన పగలంతా షెడ్డు దగ్గర నిలబడ్డవాణ్ని రాత్రి మొదటి వంతుకు కూర్చోబెట్టకూడదన్నది మరో నియమం. షావుకార్లు దీన్ని పట్టించుకునేవారు కాదు. దాని ఫలితం టెక్కలి నుంచి సోంపేట దాకా రోడ్డు పక్కన బోర్లాపడిన బళ్ల రూపంలో కనిపించేది.

చట్టంలో కూడా ఈ ఇద్దరి మాట ఉండేది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం నేషనల్ పర్మిట్, అంటే రాష్ట్రాలు దాటి తిరిగే అనుమతి, ఉన్న లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలి, రెండోవాడు కాళ్లు చాపుకుని పడుకునేందుకు క్యాబిన్లో అడ్డంగా ఒక సీటుండాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. అయిదు గంటలు వరసగా తోలితే అరగంట విశ్రాంతి అని కూడా. ఎనిమిది గంటల మాట చేపల బండిలో ఎవరైనా అంటే క్లీనరు కూడా నవ్వేవాడు. సీటు మాత్రం నిజంగానే ఉండేది. ఇంజను బానెట్టు వెనక, మూడడుగుల లోపు వెడల్పు చెక్క, దానిమీద కొబ్బరిపీచు పరుపు. పడుకున్నవాడి కాళ్లు తలుపుకు ఆనేవి, చెవి దగ్గర గేరు పళ్ల శబ్దం. ఆ శబ్దంతోనే నిద్ర పట్టేది. చిత్రమేమిటంటే బండి ఆగితే మెలకువొచ్చేది.

బండి చేతులు మారే ఘట్టం అసలు విద్య. ఆ పని రెండు నిమిషాల్లో అయిపోవాలి, ఏదీ మర్చిపోకూడదు. దిగేవాడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఎక్కేవాడికి చెప్పేవాడు. "మావా, వెనక ఎడం పక్క లోపలి టైరు వేడెక్కుతోంది, బరంపురం దాటాక ఓసారి కొట్టి చూడు. డీజిలు కర్రకు జానెడుంది, ఖుర్దాలో పోయించు. బ్రేకు కుడికి లాగుతోంది, తడి అనుకుంటా. కాయితాలు పై సంచీలో ఉన్నాయి." ఇంతే. ఇందులో ఒక్కో ముక్క వెనకా ఒక్కో కథ.

డీజిలుకు కర్రెందుకంటే గేజి పనిచేసే పాత టాటా బండిని చూసినవాడు లేడు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు. హౌరాకు ఒక్క పోకకే 280 లీటర్ల దాకా తాగుతుంది. ట్యాంకు పూర్తిగా అడుగంటనిస్తే చెత్త ఫిల్టరులోకి పోతుంది, పైగా పైపులోకి గాలి దూరుతుంది. గాలి దూరిన డీజిలు ఇంజను ఎంత తిప్పినా అందుకోదు. ఫిల్టరు మీద మర వదులు చేసి, చేతిపంపు కొడుతూ, నురగ పోయి తేటగా డీజిలు వచ్చేదాకా ఆగి, మర బిగించాలి. తెలిసినవాడికి పది నిమిషాల పని, తెలియనివాడికి బ్యాటరీ దిగిపోయి తెల్లారిపోతుంది.

బ్రేకు ఒక పక్కకు లాగడం చేపల బండికే ఉన్న జబ్బు. వెనక కారే నీళ్లు గాలికి చక్రాల మీద పడతాయి. ఒక పక్క డ్రమ్ములోకి తడి చేరితే ఆ పక్క లైనరు జారుతుంది, రెండో పక్క పడుతుంది. లోడు బండి అడ్డం తిరగడానికి అది చాలు. ముందు ఖాళీ రోడ్డు చూసుకుని, బ్రేకు మీద మెత్తగా కాలు ఆనించి కొంతదూరం పోతే డ్రమ్ము వేడెక్కి ఆరిపోతుంది. ఆరాక కూడా లాగుతుంటే అది తడి కాదు, లైనరు అరిగినట్టో బ్రేకు సర్దుబాటు తప్పినట్టో లెక్క. వెనకొచ్చే సైకిళ్లూ మోటారు సైకిళ్లూ ఆ నీళ్ల మీద జారి పడేవి. జనం తిట్లలో న్యాయముంది. తర్వాత తర్వాత తొట్టి కింద నీళ్లు పట్టే ట్యాంకు పెట్టించారు గానీ, దాన్ని ఖాళీ చేసేది కూడా రోడ్డు పక్కనే.

టైర్ల సంగతి ఎంత చెప్పినా తరగదు. ఆరు చక్రాల బండికి వెనక జంట టైర్లు. బయటిది కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. లోపలిదానికి గాలి దిగిపోతే బరువంతా బయటిదాని మీద పడుతుంది, మెత్తబడిన టైరు పక్కదానికి రాసుకుని కాగుతుంది. అప్పటి నైలాను టైర్లలో ట్యూబూ ఫ్లాపూ విడిగా ఉండేవి. కాగిన ట్యూబు చిరిగిందంటే రెండు టైర్లూ పోయినట్టే, పొగ చూసుకోకపోతే మంటే. అందుకే ఆగిన ప్రతిచోటా క్లీనరు టామీ రాడ్డుతో ఆరింటినీ కొట్టుకుంటూ వచ్చేవాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరొచ్చి టంగుమంటుంది. దిగితే దిండు మీద కొట్టినట్టు ఉంటుంది. లోడు బండి టైరు విప్పేటప్పుడు కొత్త క్లీనర్లు రెండు తప్పులు చేసేవారు. జాకీ ఎత్తాక నట్లు వదులు చేయబోతే చక్రం గిర్రున తిరిగి బండి జాకీ మీదనుంచి ఒరుగుతుంది, అందుకని నట్లు ముందే నేలమీద సడలించాలి. రెండోది, మెత్తటి మట్టంచున చెక్క వేయకుండా జాకీ పెట్టడం. పది టన్నులకు జాకీ మట్టిలోకే దిగుతుంది గానీ బండి లేవదు. కొన్ని పాత బళ్లకు ఎడమ పక్క నట్లది ఎదురు మర. తెలియక పానా మీద ఎక్కి తొక్కి స్టడ్డు విరగ్గొట్టినవాళ్లు ఎందరో.

తిండి గురించి కూడా చెప్పుకోవాలి. తొట్టి పక్కన బిగించిన చెక్కపెట్టెలో కిరసనాయిలు స్టవ్వు, రెండు తపేలాలు, బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ జాడీ. సోంపేట దాటాక ఎక్కడో చేతిపంపు పక్కన అన్నమూ పప్పుచారూ. స్టవ్వు వెలిగించడం నుంచి చెయ్యి కడగడం దాకా 45 నిమిషాలు, అందులోనే స్నానాలు. చేపల బండివాళ్లు చేపల కూర పెద్దగా వండుకునేవారు కాదు. రాత్రీ పగలూ ఆ వాసనలో ఉన్నవాడికి ఆవకాయే అమృతం. బరంపురం, ఛత్రపురం దాకా తెలుగుతో పనైపోతుంది. అక్కడినుంచి బాలేశ్వర్ దాకా వచ్చీరాని ఒడియా, హిందీ. మళ్లీ ఖరగ్‌పూర్‌లో రైల్వే తెలుగువాళ్ల పుణ్యమా అని ఇడ్లీ, సాంబారు, మన మాట. ఢాబా ముందు ఏపీ 37 నంబరు బండి కనిపిస్తే మన పశ్చిమగోదారి జిల్లావాడే అని ఆగి పలకరించేవారు, కృష్ణావాళ్లది ఏపీ 16, తూర్పుగోదారివాళ్లది ఏపీ 5. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ఆ గుర్తు పోయింది.

కాలాన్ని తినేవి చెక్‌పోస్టులు. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం, ఒడిశా చివర జలేశ్వర్ దాటాక లక్ష్మణనాథ్. చేప పాడయ్యే సరుకని వరసలో ముందుకు వదిలిన రోజులున్నాయి. పాడయ్యే సరుకని తెలిసే బేరం పెంచిన రోజులూ ఉన్నాయి. అక్కడ ఇద్దరు డ్రైవర్లుండటం మరోలా ఉపయోగపడేది. ఒకడు కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే రెండోవాడు వరసలో బండి జరుపుతూ ఉండేవాడు, క్లీనరు టైర్లు కొట్టి, బెజ్జం పొడిచి, అద్దం తుడిచేవాడు. గంట నిలబడ్డా ఆ గంట ఊరికే పోయేది కాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఈ గేట్లు ఎత్తేశారు.

సెల్లు లేని రోజుల్లో ఎస్టీడీ బూతే ఆధారం. కటక్ దాటాక ఒక ఫోను హౌరా ఆడతికి, అంటే అక్కడ చేపలు అమ్మిపెట్టే కమీషను వ్యాపారికి, ఒకటి ఊళ్లో షావుకారుకి. ధార తగ్గితే ఐసు ఎక్కడ ఎక్కించాలో కూడా ముందే మనసులో ఉండాలి. చిలికా ఒడ్డున బాలుగాం చేపల ఊరు కాబట్టి అక్కడ దొరికేది, తర్వాత బాలేశ్వర్. బరకం విప్పి, పైన నాలుగు దిమ్మలు పగలగొట్టి పోసి మళ్లీ కట్టడానికి ముప్పావుగంట. ఎండ నెత్తిమీదున్నప్పుడు బరకం విప్పితే వేసిన ఐసుకంటే పోయేదే ఎక్కువ. కాబట్టి ఎక్కిస్తే పొద్దువాలాక ఎక్కించాలి. డబ్బు మిగుల్చుకుందామని ఎక్కించకుండా పోయిన బండి సంగతి హౌరాలో మొప్ప ఎత్తగానే బయటపడేది. మొప్ప ఎర్రగా ఉంటే ఒక ధర, గోధుమరంగుకు తిరిగితే ఇంకో ధర, వేలితో నొక్కితే పొట్ట మెత్తగా దిగిపోతే దానికి ధరే లేదు. ధర పడిపోయిన రోజు కిరాయిలో కోత, దానికి తోడు డ్రైవర్ల బత్తాలోనూ కోత.

తుపాన్లొస్తే చేసేదేమీ లేదు. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన మహా తుపానుకు ఆ రహదారి మీద చెట్లు కుప్పలుగా పడ్డాయి. సరిహద్దుకు ఇవతల బళ్లు బారులు తీరాయి. అటువంటప్పుడు చేపల బండికున్న దారి వెనక్కి తిరిగి దగ్గర ఊళ్లో అయినకాడికి అమ్మేయడమే. నిర్ణయం డ్రైవర్లదే, ఫోన్లుండవు. తొందరపడి అమ్మేస్తే రేపు దారి తెరుచుకోవచ్చు, ఆగితే ఎల్లుండికి పారబోయాలి. కొబ్బరి బండివాడికి ఈ బాధ లేదు. అంబాజీపేటలో ఎత్తిన కాయ నాలుగు రోజులు రోడ్డున నిలబడ్డా కాయే. రావులపాలెం అరటి బండి మధ్యరకం, గెలలు దారిలోనే ముగ్గుతాయి గనుక దానికీ కొంత పరుగుంటుంది. కోడిగుడ్ల బండివాడు వేగంగా పోలేడు, ఆగనూలేడు. 30 గుడ్ల అట్టలు ఏడేసి పెట్టిన పెట్టెలు గొయ్యి గొయ్యికీ మాట్లాడతాయంటారు.

హౌరాలో దింపేది గంటన్నర, రెండు గంటలు. ఆడతి మనిషి లెక్క, ముఠావాళ్ల అరుపులు, కాళ్ల కింద బురద. అప్పటికి డ్రైవర్లిద్దరికీ కళ్లు తేలిపోయేవి. ఊళ్లోకి బళ్లు రాకూడని వేళ మొదలయ్యేలోపు బయటపడి, ధూళాగఢ్ వైపు ఎక్కడో ఆపి, ముగ్గురూ ఒకేసారి పడుకునేది అక్కడే. ఖాళీ ట్రేలు వెనక్కి తేవాలి కాబట్టి నిండు లోడు దొరకదు. ట్రేల మీద జాగా ఉంటే గోనెసంచుల బేళ్లు ఎత్తుకునేవారు. బెంగాల్ జనుము మిల్లుల సంచులు మన రైసుమిల్లులకు కావాల్సిన సరుకే. చేపల వాసన పడుతుందని కొందరు వ్యాపారులు ఎత్తనిచ్చేవారు కాదు. ఎత్తించినా ట్రేలు కడిగి, మధ్య బరకం వేయాలని షరతు. తిరుగుదారిలో తొందర లేదు, అప్పుడే ఇద్దరి మధ్యా నాలుగు మాటలు నడిచేవి. పోయేటప్పుడు ఒకడు మేలుకుంటే ఒకడు నిద్ర, రెండు రోజులు ఒకే క్యాబిన్లో ఉన్నా కలిసి కూర్చునేది తక్కువ.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. బళ్లకు పది చక్రాలు, పన్నెండు చక్రాలు, పవరు స్టీరింగు, ట్యూబు లేని రేడియల్ టైర్లు. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపలి చెరువు గట్లు కొట్టేశాక లోడు ఎత్తే ఊళ్లు కొన్ని మారాయి. వనామీ రకం రొయ్య వచ్చాక చెరువులు చాలావరకు రొయ్యలకు తిరిగాయి. రొయ్య దగ్గర్లోని ప్లాంటుకే పోతుంది, హౌరా పరుగు దానికి లేదు. 2018లో నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను కేంద్రం తీసేసింది. ఒకడి జీతం మిగులుతుందని యజమానులు సంతోషించారు. రెండింటికీ అయిదింటికీ మధ్య నిద్ర మాత్రం ఏ నోటిఫికేషనుకూ లొంగలేదు.

తిరిగొచ్చిన బండిని ఊరి కాలువ రేవులో నిలబెట్టి కడిగేవారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మాత్రం బోరు దగ్గరో, చెరువు దగ్గరో. తొట్టి పైపైన కడిగితే సరిపోదు. చేప జిగురు కలిసిన నీళ్లు ఛాసిస్ మీద, కమాను కట్టల సందుల్లో, గాలి గొట్టాల మీద పడి ఎండుతాయి. ఐసు డబ్బాల్లోంచి లాగేటప్పుడు అంటుకొచ్చిన ఉప్పునీళ్లు వాటికి తోడు. అందుకే క్లీనరు కిందకి దూరి, బకెట్లతో కొట్టి, కొబ్బరిపీచుతో రుద్ది, కమాను కట్టలకు కాల్చిన ఆయిలు పూసేవాడు. చివరిగా పెద్ద డ్రైవరు పంచె ఎగగట్టి తానే పడుకుని, బ్రేకు గొట్టాన్ని క్లిప్పుల దగ్గర వేలితో తడుముకుంటూ పోయేవాడు. నీళ్లు నిలిచి ముందు తినేసేది అక్కడే. తుప్పు పొరలు పొరలుగా చేతికొస్తే, ఆ గొట్టం మార్చాకే బండి ఐసు ఫ్యాక్టరీ ముందు వరసలోకి వెళ్లేది.